బొమ్మ పోయిన టీవీలో వార్తలు

తిరువూరులో మా లోకల్ చానెల్ చూసినవాళ్లలో నా మొహం తెలిసినవాళ్లు చాలా తక్కువ. నా గొంతు తెలియనివాళ్లు అంతకంటే తక్కువ. కూరగాయల బజారులో బేరమాడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి చటుక్కున తల తిప్పి, "ఏడు గంటల వార్తలు మీరేనాండీ?" అని అడగడం నాకు అలవాటైపోయింది. ఆ గుర్తింపు వల్ల వంకాయలు చవగ్గా వచ్చిన సందర్భం మాత్రం ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్నాను. మా బంధువుల పిల్లలు కొత్తగా ఉద్యోగాల్లో చేరేముందు వచ్చి కూర్చుంటారు. "అంతకాలం ఒకే గదిలో ఎలా పనిచేశావు పెద్దమ్మా, విసుగెయ్యలేదా?" అంటారు. విసుగెయ్యని ఉద్యోగం ఉంటుందని వీళ్లకి ఎవరు చెప్పారో తెలియదు. వాళ్లకి చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఒక పాత కంప్యూటరుకి గ్రాఫిక్స్ కార్డు వెతకడం తప్ప పైకి ఇందులో పెద్ద విశేషం కనపడదు.

మా చానెల్ గది మెయిన్ రోడ్డు మీద ఎరువుల కొట్టు పైన ఉండేది. కేబుల్ వ్యాపారం మా షావుకారు గారిది. ఆయనకి పత్తి వ్యాపారం ఉంది, కిరాణా హోల్‌సేల్ ఉంది. ఈ చానెల్ ఆయనకి వేలికి పెట్టుకున్న ఉంగరం లాంటిది, ఉంటే అందం, లేకపోతే అన్నం మానరు. గదిలో పని చేసేది నేనూ, కెమెరా అతనూ. అతను నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. అతను ఊళ్లో జరిగేవి తీసుకొచ్చేవాడు. నేను వార్తలు రాసి, ఏడు గంటలకి మైకు ముందు కూర్చుని చదివేదాన్ని. నా మొహం ఎప్పుడూ చూపించలేదు. అతను తీసిన దృశ్యాలు నడుస్తుంటే వెనకాల నా మాట వినిపించేది.

మిగతా రోజంతా పాటలు. టీవీ అడుగున కదిలిపోయే అక్షరాల వరస ఉంటుంది చూడండి, మేం స్క్రోలింగ్ అనేవాళ్లం, అసలు చానెల్ బతికేది దాని మీదే. చీరల కొట్టు తగ్గింపు, కరెంటు కోత వేళలు, బస్సు దారి మళ్లింపు, తప్పిపోయిన గేదె, ఎవరింట్లోనో కర్మకాండ. అదంతా నేనే టైపు చేసేదాన్ని. స్క్రోలింగుకి మాట ఉండదు. పాట తన దారిన పాడుతుంటే అక్షరాలు వాటి దారిన పోతుండేవి.

ఇవన్నీ ఒకే ఒక్క కంప్యూటరులోంచి నడిచేవి. దాని వయసు చెప్పాలంటే, కొన్నప్పుడు తెల్లగా ఉన్న డబ్బా పాత దంతం రంగుకి తిరిగింది. దాని గ్రాఫిక్స్ కార్డుకి వెనకవైపు రెండు సాకెట్లు ఉండేవి. ఒకటి నా ముందున్న మానిటరుకి. రెండోది గుండ్రంగా ఉండేది, దాన్ని టీవీ అవుట్ అంటారు. అందులోంచి బయల్దేరిన తీగ చివర పసుపు పిన్ను ఒకటి. ఆ పసుపు పిన్నులోంచే మా కనెక్షన్లున్న ఇళ్లన్నిటికీ బొమ్మ వెళ్లేది.

ఆ ఏడు శ్రావణమాసంలో తెర మీద ఆకుపచ్చ గళ్లు పడటం మొదలైంది. ఊళ్లో ఒక పెద్దమనిషికి సన్మానం జరిగితే సరిగ్గా ఆయన నుదుటి మీద గళ్లు పడ్డాయి. ఆయన ఫోను చేసి, కావాలనే చేశారా అని అడిగాడు. కాదండి, కంప్యూటరుకి బాలేదండి అంటే, నా వార్త అప్పుడే బాగుండకుండా పోయిందా అన్నాడు. రెండు మూడు రోజులు అలా నడిచి, ఒక పొద్దున స్విచ్చి వేస్తే మానిటరూ వెలగలేదు, టీవీ కూడా నల్లగా ఉండిపోయింది. కెమెరా తమ్ముడు డబ్బా విప్పాడు. కార్డు మీద ఉండే చిన్న ఫ్యాను బిగుసుకుపోయి ఉంది. దాని పక్కనున్న భాగాలు పైన పూరీల్లా ఉబ్బాయి. కాలిన వాసన.

"ఇది అయిపోయిందక్కా. కొత్త కార్డు పడాల్సిందే" అన్నాడు.

ఆ మాట అంటుండగానే మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. ఎ.కొండూరు వైపు పల్లె. వాళ్ల నాన్న తెల్లవారుజామున పోయాడు. ఆయన బడిపంతులుగా చేశాడట. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారనీ, మధ్యాహ్నం తీసుకెళ్తారనీ, స్క్రోలింగు వెయ్యమనీ చెప్పాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు. శుభలేఖ అయితే రేపు వేస్తామని చెప్పొచ్చు. చావు కబురు వాయిదా వెయ్యలేం కదా.

కెమెరా పెట్టి ఏదన్నా చూపిద్దామంటే కెమెరా తమ్ముడి సొంతం, శ్రావణం పెళ్లిళ్లకి అది ఒక మండపం నుంచి ఇంకో మండపానికి తిరుగుతోంది. అప్పుడు నా కన్ను మైకు మీద పడింది. మైకు తీగ కంప్యూటరులోకి వెళ్లదు. పక్కనున్న సౌండు మిక్సరులోకి వెళ్తుంది, అక్కణ్నుంచి నేరుగా బయటికి. అంటే బొమ్మ పోయింది గానీ మాట పోలేదు.

"తమ్ముడూ, నేను చదివేస్తాను" అన్నాను.

"నల్ల తెర ముందు ఎవరు కూర్చుంటారక్కా?"

"ఎవరో ఒకరు చానెల్ మార్చడం మర్చిపోయి ఉంటారు."

చదివాను. మేష్టారి పేరు, ఊరు, ఏ వేళకి తీసుకెళ్తారో చెప్పాను. నా ఫోనులోంచి భక్తిపాటలు మిక్సరులోకి పెట్టి, పాటకీ పాటకీ మధ్య మళ్లీ చదివాను. ఆయన పేరు చదివాక మిగతావి వదిలెయ్యడం ఎందుకని కరెంటు కోత చదివాను, గేదె సంగతి చదివాను, చీరల తగ్గింపు చదివాను. మధ్యాహ్నానికి షావుకారు గారు ఫోను చేశారు.

"ఏమ్మా, టీవీని రేడియో చేశావా?"

"కార్డు వచ్చేదాకా అండి."

"సరే కానీ. ఉన్న గొంతన్నా వినిపించు."

ఇక కార్డు కోసం వేట మొదలైంది. కార్డు కొనడమంటే బల్బు కొనడం లాంటిదనుకున్నాం. తమ్ముడు పెళ్లి ముహూర్తాల మధ్య సందు చూసుకుని పొద్దున బస్సుకి విజయవాడ వెళ్లి, సాయంత్రానికి మెరిసిపోయే డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. దాని మీద మంటల బొమ్మలున్నాయి. కొట్టువాడు ఇదే మంచిదన్నాడట. నిజమే, మంచిదే. కానీ మా బోర్డు మీద కార్డు దిగే స్లాటు పాతరకం, గోధుమ రంగుది. కొత్త కార్డు పళ్ల వరస దానికి ఎటు తిప్పినా దిగలేదు. దిగినా లాభం లేదని తర్వాత తెలిసింది. అది లాగే కరెంటు మా డబ్బా ఇవ్వలేదు, పైగా దాని వెనక పసుపు పిన్నుకి దారే లేదు. తమ్ముడు దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి, "పెళ్లికొడుకు బాగానే ఉన్నాడు, జాతకమే కలవలేదు" అన్నాడు.

కంప్యూటరే కొత్తది కొంటే పోలేదా అని మీరు అడుగుతారు. షావుకారు గారూ అడిగారు. స్క్రోలింగు నడిపే ప్రోగ్రాము ఆ పాత కంప్యూటరులో తప్ప నడవదు. దానికి వెనకాల తాళంలా ఒక చిన్న ముక్క ఉంటుంది. ఆ ప్రోగ్రాము అమ్మినాయన ఆ వ్యాపారం మానేసి ఎటో వెళ్లిపోయాడు. కంప్యూటరు మారిస్తే అన్నీ మార్చాలి. షావుకారు గారు నా వైపు చూడకుండా చెప్పారు.

"వినాయక చవితి దాకా చూద్దామమ్మా. అప్పటికీ కుదరకపోతే ఈ చానెల్ నంబరు విజయవాడ పాటల చానెల్‌వాళ్లకి ఇచ్చేస్తాను. వాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు."

కోపంగా అనలేదు. నచ్చచెప్తున్నట్టే అన్నారు. తమ్ముడికి పెళ్లిళ్లున్నాయి. నాకు అప్పటికి యాభై దగ్గరపడుతోంది. తిరువూరులో ఇంకో మైకు ఎక్కడా లేదు.

మర్నాటి నుంచి ముసురు పట్టింది. రెండో రోజు సాయంత్రం తహసీల్దారు ఆఫీసు నుంచి ఫోను. గంపలగూడెం వైపు దారిలో వాగు పొంగింది, చప్టా మీదికి నీళ్లొచ్చాయి, ఎవరినీ దాటొద్దని చెప్పమన్నారు. మామూలుగా అయితే టైపు చేసి స్క్రోలింగులో వదిలేసేదాన్ని. ఎర్ర అక్షరాలు పెట్టి, నా పని అయిందనుకునేదాన్ని. ఆ రోజు చదవాల్సి వచ్చింది. ఒక పాట, ఒకసారి వాగు సంగతి. మళ్లీ పాట, మళ్లీ వాగు. "నీళ్లు తక్కువగా కనపడినా దిగకండి. బండి మీద ఉన్నవాళ్లు మెయిన్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి రండి" అని నా సొంత మాటలు కూడా కలిపాను. అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం కరెంటు పోలేదు. గొంతు బొంగురుపోయేదాకా చదివి ఇంటికెళ్లాను. ఆ చప్టా మీద ఒక ట్రాక్టరు ఇరుక్కుపోయిందనీ, డ్రైవరుని తాడు వేసి లాగారనీ మర్నాడు విన్నాం.

వాన తగ్గాక తమ్ముడు మళ్లీ విజయవాడ వెళ్లాడు. ఈసారి కాలిపోయిన కార్డు కూడా పట్టుకెళ్లాడు. అలాంటిది ఇప్పుడు రావట్లేదన్నారు. బదులుగా మా బోర్డులోనే ఉన్న ఇంకోరకం స్లాటుకి సరిపోయే చిన్న కార్డొకటీ, మానిటరు బొమ్మని టీవీకి పంపే డబ్బా ఒకటీ ఇచ్చారు. రెండూ కలిపితే బొమ్మ వచ్చింది. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. షావుకారు గారు కూడా మెట్లెక్కి వచ్చి చూసి, బాగుందన్నారు. నేను మైకు కట్టేసి, స్క్రోలింగు వదిలి, చాలా రోజుల తర్వాత కాఫీ తాపీగా తాగాను.

సాయంత్రానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. ఆ కార్డుకి ఓపిక చాలక వీడియో కుంటుతోంది. అది సర్దుకోవచ్చు. కానీ డబ్బా పంపిన బొమ్మ టీవీ తెర కంటే కొంచెం పెద్దదైంది. అంచులు తెగిపోతున్నాయి. స్క్రోలింగు ఉండేది అట్టడుగున కదా, అక్షరాలు మాత్రం కనపడుతున్నాయి, కిందుండే ఒత్తులన్నీ తెర బయటికి పోయాయి. మన తెలుగుకి ఒత్తులు పోతే ఏం మిగులుతుంది? కుక్క కుక అయింది. ఉల్లిపాయలు ఉలిపాయలయ్యాయి. చవితికి పందిరి సామాన్లు అద్దెకిచ్చే ఆయన పేరులో రెండు ఒత్తులున్నాయి, అవి లేకుండా ఆ పేరు బయటికి చదవలేం. ఆయన నేరుగా షావుకారు గారి కొట్టుకే వెళ్లాడు. ఆ ప్రోగ్రాములో వరసని పైకి జరిపే వీలు లేదు. పాత కార్డులో అయితే టీవీ బొమ్మని చిన్నది చేసుకునే ఏర్పాటు ఉండేది. అది ఉందన్న సంగతి కూడా మర్చిపోయాం, ఎప్పుడో ఒకసారి సర్దింది.

మర్నాడు ఆ డబ్బా తీసేసి, మళ్లీ నల్ల తెర, మళ్లీ నా గొంతు.

ఆ మధ్యాహ్నం తమ్ముడు నసుగుతూ, "అక్కా, అచ్చం మన పాత కార్డు లాంటిది ఊళ్లోనే ఉంది" అన్నాడు.

"ఎక్కడ?"

"అవతలాయన దగ్గర."

అవతలాయనంటే ఊళ్లో రెండో కేబులాయన. రైతు కుటుంబం, మామిడి తోటలున్నాయి. కేబుల్ కొత్తలో తానే స్తంభాలెక్కి తీగలు లాగినవాడు. ఆయనకీ మా షావుకారు గారికీ మాటల్లేవు. ఒకరి తీగలు ఒకరు కోయించారని ఇద్దరూ పోలీసు స్టేషనుకి వెళ్లినవాళ్లే. పెళ్లిళ్లలో ఒకరు భోజనాలకి కూర్చుంటే రెండోవారు లేచాక వెళ్లేవారు. ఆయనకీ ఒకప్పుడు లోకల్ చానెల్ ఉండేది, పెద్ద నెట్‌వర్కులో కలిశాక మూసేశాడు. ఆ కంప్యూటరు ఆయనింట్లో అటక మీద ఉందట. తమ్ముడు ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేశాడు కాబట్టి తెలుసు.

షావుకారు గారితో చెప్తే ఆయన తల అడ్డంగా ఊపారు. "అడిగితే ఇస్తాడమ్మా. ఇచ్చి ఊరంతా చెప్పుకుంటాడు. చానెల్ మూసుకోనన్నా మూసుకుంటాను గానీ వాడి గుమ్మం తొక్కను."

ఆయన తొక్కనన్నారు. నన్ను తొక్కొద్దనలేదు. మర్నాడు పొద్దున ఆటో ఎక్కి వెళ్లాను.

ఇంటి ముందు వసారాలో ఒక పెద్దావిడ చాప మీద కూర్చుని పత్తితో దీపాలకి వత్తులు చేస్తోంది. చూపు చేతుల మీద లేదు, ఎటో ఉంది. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఎవరమ్మా?" అంది.

"కేబులాయన గారు ఉన్నారాండీ? చిన్న పనుండి వచ్చాను."

వేళ్లు ఆగిపోయాయి. "ఏదీ, ఇంకోసారి మాట్లాడు."

"చిన్న పనండీ, కంప్యూటరు సంగతి..."

"నువ్వు ఏడు గంటల అమ్మాయివి."

యాభై దగ్గరపడుతున్న నన్ను అమ్మాయి అని పిలిచినవాళ్లు అప్పటికి ఎవరూ మిగల్లేదు. అవునండీ పెద్దమ్మగారూ అని చాప అంచున కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"పొద్దున్నించి రాత్రి దాకా చదువుతున్నావే ఈమధ్య. ఎవరు పోయారో, ఎప్పుడు కరెంటు తీస్తారో అన్నీ తెలుస్తున్నాయి. మా పుట్టింటి వైపు మేష్టారు పోయినట్టు నువ్వు చెప్తేనే తెలిసింది. మా ఇంట్లో ఎవరికీ చెప్పే తీరిక లేదు. అన్నట్టు మొన్న ఒకరోజు ఊరుకున్నావేం? జొరం వచ్చిందా?"

"జ్వరం కాదండీ. ఆ రోజు బొమ్మ వచ్చింది. కింద అక్షరాలు పోతుంటే మళ్లీ చదవడం ఎందుకని మానేశాను."

"బొమ్మ రావడమేంటి? పోయిందెప్పుడు?"

మా టీవీ నల్లబడిపోయిందని ఊరంతా ఫోన్లు చేస్తుంటే, ఆ సంగతే తెలియని ప్రేక్షకురాలు నా ఎదురుగా కూర్చుని ఉంది. రెండు కళ్లకీ శుక్లాలట. వెలుతురు తప్ప ఏమీ ఆనదట. ఆపరేషను అంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చింది. ఇన్నేళ్లూ ఆవిడకి మా చానెల్ అంటే ఏడు గంటలకి నేను చదివే కాసిని వార్తలే. మిగతా రోజంతా ఊరి కబుర్లన్నీ ఆవిడ ముందునుంచే చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోయాయి. వాటిని టైపు చేసి పంపింది నేనే.

ఇంతలో కొడుకు లోపల్నుంచి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన కంగారు ఎందుకో వెంటనే అర్థం కాలేదు. గుమ్మంలోంచి చూస్తే వాళ్ల హాల్లో రెండు టీవీలున్నాయి. ఒకదాని మీద మా కేబుల్ పెట్టె ఉంది.

"అమ్మ కోసమండీ" అన్నాడు మెల్లగా. "మా దాంట్లో ఊరి వార్తలు రావు కదా. వెనక వాటాలో అద్దెకున్నవాళ్ల పేరు మీద తీసుకున్నాను. మీ షావుకారితో చెప్పకండి."

చెప్పనన్నాను. ఎందుకొచ్చానో చెప్పాను. ఆయన అటక వైపు చూశాడు. తల్లి అందుకుంది.

"ఆలోచిస్తావేంట్రా? మొన్న వానరోజు తోట నుంచి ఏ దారిన వచ్చేవాడివి నువ్వు?"

ఆయన నవ్వి నా వైపు తిరిగాడు. "ఆ రోజు చప్టా దారినే బయల్దేరానండీ. బండి మీద ఉండగా అమ్మ ఫోను. టీవీలో చెప్తున్నారు, చుట్టు తిరిగి రా అని. టీవీవాళ్లు అలాగే అంటారులే అన్నాను. ఒప్పుకోలేదు, ఏడ్చినంత పని చేసింది. సరేనని తిరిగొచ్చాను. తర్వాత ట్రాక్టరు సంగతి తెలిసింది. దిగితే ఏమయ్యేదో నాకు తెలియదండి. ఏమీ కాకపోయుండొచ్చు కూడా." లోపలికి తిరిగి, "అటక మీదున్నది దించుతాను. కూర్చోండి" అన్నాడు.

దుమ్ము దులిపి తెచ్చిన కార్డు చూస్తే మా కాలిపోయిన దానికి తోడబుట్టినట్టే ఉంది. గుండ్రటి సాకెట్టు ఉంది, దాని తీగ ఉంది, పసుపు పిన్నుంది. నేను అందుకోబోతే ఆయన ఇవ్వలేదు.

"దీని ఫ్యాను కూడా బిగుసుకుందండీ. ఇలాగే పెడితే మళ్లీ కాలుతుంది. సామాను తెచ్చుకుని నేనే వస్తాను."

"మా ఆఫీసుకా?"

"మరి ఇంకెక్కడికండీ."

తల్లి మళ్లీ నా చెయ్యి పట్టుకుంది. "కార్డో ఏదో తీసుకెళ్లు. కానీ బొమ్మ వచ్చిందని నువ్వు మాట్లాడటం మానేస్తే నేను ఒప్పుకోను. ముందే చెప్తున్నా."

మాటిచ్చి వచ్చాను.

షావుకారు గారికి చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటుండగానే అవతలాయన మెట్లెక్కి వచ్చేశాడు. ఆ సమయానికి షావుకారు గారు గదిలోనే ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడు గోడకి అతుక్కుపోయాడు. అవతలాయన చెప్పులు బయట విడిచి, ఎవరితో అన్నట్టూ కాకుండా, "పని చూసుకుని వెళ్తాను" అన్నాడు. షావుకారు గారు ఎవరితో అన్నట్టూ కాకుండా, "ఫ్యాను వేయమ్మా, ఉక్కగా ఉంది" అన్నారు.

ఆయన కార్డు మీద ఫ్యాను ఊడదీసి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, వేలితో తిప్పి తిప్పి వదిలాడు. అది సాఫీగా తిరిగాక మా కంప్యూటరులో దింపాడు. నేను విజయవాడ కార్డుల కథ చెప్తే విని, "కొత్తవాటిలో ఏది గొప్పదో చూస్తే కాదండీ. ఈ బోర్డు దేన్ని ఒప్పుకుంటుందో అది చూడాలి. నేనూ ఇలాగే రెండు కొని పారేశాను" అన్నాడు. సీడీ పెట్టి ఏదో ఎక్కించాడు. మానిటరు వెలిగింది. తర్వాత టీవీ వెలిగింది. టీవీ బొమ్మని చిన్నది చేసే చోటు వెతికి, అంచులు లోపలికి లాగాడు. స్క్రోలింగు మొత్తం పైకొచ్చింది. పందిరి సామాన్ల ఆయన పేరు రెండు ఒత్తులతో సహా నిండుగా కనిపించింది.

షావుకారు గారు టీవీ వైపే చూస్తూ, "టీ తాగుతారా?" అన్నారు.

"తాగుతాను."

టీ వచ్చేదాకా ఇద్దరూ పత్తి పంటకి ఈ వాన మంచిదా చెడ్డదా అని మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరూ ఆ తర్వాత ప్రాణస్నేహితులయ్యారని చెప్పను. కాలేదు. కానీ తీగలు కోసుకోవడం ఆగిపోయింది. ఒకరి లైను తెగితే రెండోవారి మనిషి వెళ్లి అతికిన రోజులు కూడా చూశాను. ఆ కార్డు మా కంప్యూటరులో చాలాకాలం పనిచేసింది. చానెల్ నంబరు పాటలవాళ్లకి పోలేదు. నా ఉద్యోగం నాకు మిగిలింది.

ఇచ్చిన మాట ప్రకారం స్క్రోలింగు చదవడం ఆపలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం వార్తల తర్వాత ఒకసారి పాట తగ్గించి అన్నీ చదివేదాన్ని. మొదట్లో షావుకారు గారు, "బొమ్మ వచ్చిందిగా, ఎందుకమ్మా శ్రమ" అన్నారు. ఒకావిడకి మాటిచ్చానండి అన్నాను. ఎవరని అడగలేదు. కొన్నాళ్లకి మిషను కుట్టుకునే ఒకాయన ఫోను చేసి, తల ఎత్తకుండా కబుర్లు తెలుస్తున్నాయి, మానకండి అన్నాడు. వంటింట్లోంచి వినే ఆడవాళ్లు చెప్పారు. కార్డు కాలిపోకపోయి ఉంటే వీళ్లంతా ఉన్నారని నాకు తెలిసేదే కాదు. పని సవ్యంగా నడుస్తున్నంతకాలం అది ఎవరికి అందట్లేదో మనకి కనపడదు. అందుకే పిల్లలూ, మీ పనిలో ఏదన్నా పాడైనప్పుడు మరీ దిగులు పడకండి. బాగుచెయ్యండి, కానీ ఆలోగా చుట్టూ ఒకసారి చూడండి.

ఆ మరుసటి వేసవిలో పెద్దమ్మగారు ఎట్టకేలకి ఆపరేషనుకి ఒప్పుకుంది. విజయవాడలో చేయించారు. నల్ల కళ్లద్దాలు తీసేసిన కొన్నాళ్లకి, కొడుకు చెయ్యి పట్టుకుని మా మెట్లన్నీ ఎక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఇంత పొట్టిదానివా? గొంతు విని పొడుగరివనుకున్నా."

గదిలో ఉన్న షావుకారు గారితో సహా అందరం నవ్వాం. ఆవిడకి కుర్చీ వేసి, టీవీ చూపించాను. ఎర్ర అక్షరాలు, పసుపు అక్షరాలు, కింద వరసగా కదిలిపోతున్నాయి. నాకు చాలా సంతోషంగా ఉంది.

"ఇక ఇవన్నీ మీరే చూసుకోవచ్చు పెద్దమ్మగారూ. నా గొంతుకి విశ్రాంతి" అన్నాను.

ఆవిడ ఆ అక్షరాల వెంట తల తిప్పుతూ కాసేపు చూసింది. ఒక చివర పుట్టి ఇంకో చివర మాయమవుతున్న వాటిని చిన్నపిల్ల చీమలబారుని చూసినట్టు చూసింది.

"బాగున్నాయి" అంది. "ఇవేనా నువ్వు చదివేవి? కళ్లు బాగుచేశారు గానీ, నేను బడికెప్పుడు వెళ్లానమ్మా?"

షావుకారు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ కుర్చీలో వెనక్కి జారి, సుఖంగా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"చదువు, వింటా."

మైకు దగ్గరికి లాక్కుని, మొదటి వరస నుంచి చదివాను.